దాతల నిధులతో నడిచే ఆరోగ్య కార్యక్రమాల పర్యవేక్షణ: అఫ్గానిస్తాన్ అనుభవం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 ప్రాథమిక భావనలు
1.3 అఫ్గానిస్తాన్: మౌలిక ఆరోగ్య సేవల ప్యాకేజీ
1.4 మూడో పక్షం పర్యవేక్షణ: స్కోర్‌కార్డు
1.5 అంకెకు డబ్బు ముడిపెడితే ఏమవుతుంది?
1.6 అంకెను సరిచూసే పద్ధతులు
1.7 లెక్కలోకి రానివారు
1.8 2021 తర్వాత
1.9 సారాంశం
1.10 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు
1.11 కీలక పదాలు
1.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తర్వాత మీరు:

• పర్యవేక్షణ, మూల్యాంకనం, ఆడిట్ మధ్య తేడాలను వివరించగలుగుతారు.
• దుర్బల రాజ్యాలలో ఆరోగ్య కార్యక్రమాల పర్యవేక్షణ ఎందుకు కష్టమో చెప్పగలుగుతారు.
• అఫ్గానిస్తాన్‌లో అమలైన స్కోర్‌కార్డు పద్ధతిని, దాని బలాలను, పరిమితులను చర్చించగలుగుతారు.
• ఒక నివేదికలోని అంకెను రిజిస్టరుతోనూ, ఇంటింటి విచారణతోనూ ఎలా సరిచూస్తారో లెక్క వేసి చూపగలుగుతారు.

1.1 పరిచయం

ఒక కొండ ప్రాంతపు గ్రామాన్ని ఊహించుకోండి. నొప్పులు మొదలైన ఒక స్త్రీని ఆమె కుటుంబం గాడిదపై ఎక్కించుకుని, నాలుగు గంటలు ప్రయాణం చేసి ఆరోగ్య కేంద్రానికి చేర్చింది. అక్కడ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉందా, లేదా? ఆ కుటుంబానికి ఇది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

ఇదే ప్రశ్నను రాజధానిలోని మంత్రిత్వశాఖను అడిగితే, 'ఆ కేంద్రంలో మిడ్‌వైఫ్ ఉన్నట్టు నివేదిక వచ్చింది' అని జవాబు చెబుతుంది. ఆ నివేదికను పంపింది ఆ కేంద్రాన్ని నడుపుతున్న సంస్థే. కేంద్రానికి డబ్బు ఇస్తున్న దాత వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. దాత ప్రతినిధి దేశంలోనే ఉన్నా, భద్రతా కారణాల వల్ల ఆ ఊరికి వెళ్లలేడు. మరి నిజం తెలిసేదెలా?

ఈ యూనిట్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పర్యవేక్షణ నివేదిక ఏది మీ చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఈ అంకెను ఎవరు రాశారు? రెండు, ఈ అంకె పెరిగితే ఎవరికి లాభం? మూడు, ఈ అంకెలోకి రానివారు ఎవరు? ఈ మూడు ప్రశ్నలను గుర్తుంచుకుంటూ మిగతా పాఠం చదవండి.

1.2 ప్రాథమిక భావనలు

దుర్బల రాజ్యం: తన ప్రజలకు భద్రత, న్యాయం, విద్య, ఆరోగ్యం వంటి కనీస సేవలను అందించే శక్తి గాని, అధికారం గాని చాలినంత లేని రాజ్యాన్ని దుర్బల రాజ్యం అంటారు. దీర్ఘకాల యుద్ధం, అంతర్యుద్ధం, ప్రభుత్వ పతనం ఇందుకు సాధారణ కారణాలు. అఫ్గానిస్తాన్, దక్షిణ సూడాన్, సోమాలియా, యెమెన్ వంటి దేశాలను ఈ కోవలో చర్చిస్తారు. పేదరికం, దుర్బలత్వం ఒకటి కావు. పేద దేశమైనా ప్రభుత్వ యంత్రాంగం మారుమూల గ్రామం వరకు పనిచేస్తుంటే ఆ దేశాన్ని దుర్బల రాజ్యం అనలేం.

దాతలు: ఇతర దేశాల ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు వంటి బహుపాక్షిక సంస్థలు, గ్లోబల్ ఫండ్, గావి వంటి అంతర్జాతీయ నిధులు, స్వచ్ఛంద ఫౌండేషన్లు ఈ పదం కిందికి వస్తాయి.

పర్యవేక్షణ: కార్యక్రమం నడుస్తూ ఉండగానే, అనుకున్న పని అనుకున్న చోట, అనుకున్న విధంగా జరుగుతోందా అని క్రమం తప్పకుండా చూడటం.

మూల్యాంకనం: నిర్దిష్ట కాలం గడిచాక, ఆ పని వల్ల ప్రజల ఆరోగ్యంలో మార్పు వచ్చిందా, వస్తే అది ఈ కార్యక్రమం వల్లనేనా అని నిర్ధారించడం.

ఆడిట్: డబ్బు నియమాల ప్రకారం ఖర్చయిందా అని తనిఖీ చేయడం.

నా బోధనానుభవంలో విద్యార్థులు ఈ మూడింటినీ కలిపేయడం తరచుగా చూశాను. ఒక ఉదాహరణతో తేడా స్పష్టమవుతుంది. ఒక కేంద్రానికి మందుల కోసం ఇచ్చిన డబ్బుకు రసీదులన్నీ సక్రమంగా ఉన్నాయా అని చూసేది ఆడిట్. ఈ నెల మందులు అల్మరాలో ఉన్నాయా, రోగి చేతికి అందుతున్నాయా అని చూసేది పర్యవేక్షణ. అయిదేళ్ల తర్వాత ఆ ప్రాంతంలో శిశు మరణాలు తగ్గాయా అని చూసేది మూల్యాంకనం. రసీదులన్నీ సరిగా ఉండి, అల్మరా ఖాళీగా ఉండవచ్చు. అల్మరా నిండుగా ఉండి, మరణాలు తగ్గకపోవచ్చు. కాబట్టి ఒకటి చేస్తే మిగతా రెండూ చేసినట్టు కాదు.

దుర్బల రాజ్యంలో పర్యవేక్షణకు నాలుగు అదనపు చిక్కులుంటాయి. జనాభా లెక్కలు పాతవి, లేదా అసలు లేవు. అందువల్ల 'ఎంతమందిలో ఎంతమంది' అనే భిన్నానికి హారం దొరకదు. రోడ్లు, భద్రత లేక తనిఖీ బృందాలు చాలా చోట్లకు వెళ్లలేవు. ఒక్కో దాత ఒక్కో రకం నివేదిక అడగడంతో, రోగిని చూడవలసిన సిబ్బంది కాగితాలు నింపుతూ కూర్చుంటారు. చివరగా, ఓటు ద్వారానో, పత్రికల ద్వారానో, కోర్టు ద్వారానో ప్రజలు నిలదీసే మార్గాలు బలహీనంగా ఉంటాయి. ప్రజల గొంతు వినపడని చోట అంకెల మీద భారం ఎక్కువ పడుతుంది.

1.3 అఫ్గానిస్తాన్: మౌలిక ఆరోగ్య సేవల ప్యాకేజీ

2001 చివరలో తాలిబాన్ ప్రభుత్వం కూలిపోయేనాటికి అఫ్గానిస్తాన్‌లో రెండు దశాబ్దాలకు పైగా యుద్ధం సాగింది. ఉన్న కొద్దిపాటి ఆరోగ్య సేవలలో ఎక్కువ భాగం స్వచ్ఛంద సంస్థలే నడిపేవి. కొత్త ప్రభుత్వ ప్రజారోగ్య మంత్రిత్వశాఖకు దేశమంతటా సిబ్బందిని నియమించి ఆసుపత్రులు నడిపే శక్తి లేదు.

ఈ పరిస్థితిలో మంత్రిత్వశాఖ, దాతలు కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. దేశంలో ప్రతి ఒక్కరికీ అందవలసిన కనీస సేవల జాబితాను ముందుగా తయారుచేయాలి. ఆ సేవలను అందించే పనిని ప్రావిన్సుల వారీగా స్వచ్ఛంద సంస్థలకు కాంట్రాక్టుకు ఇవ్వాలి. మంత్రిత్వశాఖ విధానాలు రూపొందిస్తూ, అమలును చూసుకుంటూ ఉండాలి. 2003లో వెలువడిన ఈ జాబితానే 'మౌలిక ఆరోగ్య సేవల ప్యాకేజీ' అన్నారు. తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు, పోషణ, క్షయ, మలేరియా వంటి అంటువ్యాధుల నియంత్రణ, అవసరమైన మందుల సరఫరా ఇందులో ముఖ్యాంశాలు. ప్రధానంగా ప్రపంచ బ్యాంకు, అమెరికా అభివృద్ధి సంస్థ యూఎస్‌ఎయిడ్, యూరోపియన్ కమిషన్ వేర్వేరు ప్రావిన్సుల బాధ్యత తీసుకుని నిధులు ఇచ్చాయి.

సేవలను అంచెలుగా ఏర్పాటు చేశారు. అన్నింటికంటే కింద గ్రామ స్థాయిలో హెల్త్ పోస్టు ఉంటుంది. మన దేశంలోని ఆశా కార్యకర్తలను పోలిన ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, సుమారు 1,000 నుంచి 1,500 మందికి సేవ చేస్తారు. ఆ పైన మౌలిక ఆరోగ్య కేంద్రం, సమగ్ర ఆరోగ్య కేంద్రం, జిల్లా ఆసుపత్రి ఉంటాయి. స్త్రీలు పురుష వైద్యుల దగ్గరికి వెళ్లడం అరుదైన సమాజంలో, ప్రతి అంచెలోనూ స్త్రీ సిబ్బంది ఉండటం అదనపు సౌకర్యం కాదు. అది లేకపోతే సగం జనాభాకు ఆ కేంద్రం మూసి ఉన్నట్టే.

ఈ ఏర్పాటులో మూడు పాత్రలు వేరుపడటం గమనించండి: డబ్బు ఇచ్చేవారు దాతలు, పని చేసేవారు స్వచ్ఛంద సంస్థలు, బాధ్యత వహించేది మంత్రిత్వశాఖ. పని జరిగిందని చెప్పవలసింది ఎవరు? పని చేసినవారే చెబితే నమ్మడం కష్టం. మంత్రిత్వశాఖ చెబుదామంటే దానికి అప్పటికి తగినంత శక్తి లేదు. అందుకే నాలుగో పాత్ర అవసరమైంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1

1. ఆడిట్‌కు, పర్యవేక్షణకు తేడా ఏమిటి?
2. దుర్బల రాజ్యంలో 'హారం దొరకదు' అంటే ఏమిటి?

1.4 మూడో పక్షం పర్యవేక్షణ: స్కోర్‌కార్డు

డబ్బు ఇచ్చేవారికి, పని చేసేవారికి సంబంధం లేని వేరొక సంస్థ చేత కొలిపించడాన్ని 'మూడో పక్షం పర్యవేక్షణ' అంటారు. అఫ్గానిస్తాన్‌లో ఈ పనిని మంత్రిత్వశాఖ అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి, జైపూర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ మేనేజ్‌మెంట్ రీసెర్చ్‌కు అప్పగించింది. 2004లో మొదలుపెట్టి, ఏటా దేశవ్యాప్తంగా వందలాది ఆరోగ్య కేంద్రాలను ఎంపిక చేసి సర్వే చేశారు. బృందాలు కేంద్రానికి స్వయంగా వెళ్లి మందుల అల్మరాను, రిజిస్టర్లను పరిశీలించేవి. సిబ్బందిని ఇంటర్వ్యూ చేసేవి. వైద్యుడు రోగిని పరీక్షించే తీరును పక్కన కూర్చుని గమనించేవి. బయటికి వస్తున్న రోగితో మాట్లాడేవి.

ఈ సమాచారాన్నంతా ఒకే పుటలో చూపడానికి 'బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు' పద్ధతిని తీసుకున్నారు. ఇది 1990లలో వ్యాపార సంస్థల కోసం రూపొందిన పద్ధతి. సంస్థ పనితీరును లాభనష్టాలతో మాత్రమే కాకుండా పలు కోణాల నుంచి చూడాలన్నది దీని సారం. అఫ్గానిస్తాన్ స్కోర్‌కార్డులో ఆరు విభాగాలు, 29 సూచికలు ఉన్నాయి.

1. రోగులు, సమాజం: రోగి సంతృప్తి, గ్రామ ఆరోగ్య కమిటీ పనిచేస్తోందా వంటివి.
2. సిబ్బంది: సిబ్బంది తృప్తి, జీతాలు సకాలంలో అందుతున్నాయా వంటివి.
3. సేవలందించే సామర్థ్యం: మందులు, పరికరాలు, ప్రయోగశాల, సిబ్బంది సంఖ్య, సిబ్బంది పరిజ్ఞానం.
4. సేవల తీరు: రోగిని పరీక్షించిన విధానం, రోగితో గడిపిన సమయం, ప్రసవ సేవలు, వాడిన సూదుల పారవేత.
5. ఆర్థిక వ్యవస్థ: ఫీజుల నిబంధనలు, పేదలకు మినహాయింపులు.
6. మొత్తం దృక్పథం: కొత్త రోగులలో స్త్రీల వాటా, పేదలకు, సంపన్నులకు అందుతున్న సేవలలో తేడా.

రోగితో తొమ్మిది నిమిషాలైనా గడిపారా అన్నది నాలుగో విభాగంలోని ఒక సూచిక. చూడటానికి ఇది చిన్న విషయం. కానీ మందులు, భవనం, జీతాలు అన్నీ ఉండి, రోగి మాట వినే తీరిక లేకపోతే ఆ ఖర్చంతా వృథా అన్న సంగతిని ఈ చిన్న సూచిక పట్టిస్తుంది.

ప్రమాణాలను నిర్ణయించిన తీరును గమనించండి. 2004 సర్వేలో ప్రావిన్సులకు వచ్చిన ఫలితాలను వరుసగా పేర్చారు. పై అయిదో వంతు ప్రావిన్సులు చేరుకున్న స్థాయిని ఎగువ ప్రమాణంగా, అట్టడుగు అయిదో వంతు స్థాయిని దిగువ ప్రమాణంగా తీసుకున్నారు. ఎగువ ప్రమాణం దాటితే ఆకుపచ్చ, రెండింటి మధ్య ఉంటే పసుపు, దిగువ ప్రమాణం కంటే తక్కువైతే ఎరుపు. అంటే ఎక్కడో సంపన్న దేశపు ప్రమాణం పెట్టి అందరికీ ఎరుపు రంగు పూయలేదు. అదే దేశంలో, అవే కష్టాల మధ్య, కొన్ని ప్రావిన్సులు సాధించినదే మిగతావాటికి గురి అయింది.

ఈ పద్ధతి బలం ఏమిటంటే, అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, దాతలు ఒకే కాగితం ముందు కూర్చుని మాట్లాడగలిగారు. ఎరుపు ఉన్న చోట ఎందుకు అన్న చర్చ మొదలయ్యేది. 2004-2008 మధ్య చాలా సూచికలలో మెరుగుదల నమోదైంది.

పరిమితి కూడా ఇక్కడే ఉంది. ఆకుపచ్చ అంటే 'బాగుంది' అని కాదు. '2004లో మెరుగ్గా ఉన్న ప్రావిన్సుల స్థాయికి చేరింది' అని మాత్రమే. 2004 నాటి అఫ్గానిస్తాన్‌లో మెరుగైన స్థాయి కూడా చాలా సందర్భాలలో తక్కువే. రంగును చూసి ఆగిపోయే పాఠకుడు దాని వెనుక ఉన్న అంకెను, అంకె వెనుక ఉన్న ప్రమాణాన్ని మరచిపోతాడు. పైగా ఈ సర్వే ఆరోగ్య కేంద్రానికి వచ్చినవారి గురించే చెబుతుంది; రాలేకపోయినవారి గురించి ఎక్కువగా చెప్పలేదు. ఈ విషయానికి 1.7లో తిరిగి వద్దాం.

1.5 అంకెకు డబ్బు ముడిపెడితే ఏమవుతుంది?

మన రెండో ప్రశ్న 'అంకె పెరిగితే ఎవరికి లాభం?' అన్నది. దీనికి అఫ్గానిస్తాన్ ఒక్క దేశం కాక, అనేక పేద దేశాలకు సంబంధించిన ఒక ఉదాహరణ చూద్దాం.

పేద దేశాల పిల్లలకు టీకాలు అందించేందుకు 2000లో గావి సంస్థ ఏర్పడింది. అది ప్రారంభించిన ఒక పథకం ప్రకారం, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా మూడో డోసు పొందిన పిల్లల సంఖ్య పెరిగితే, ప్రతి అదనపు బిడ్డకు దేశానికి 20 డాలర్లు లభిస్తాయి. ఆ డబ్బును ఎలా వాడుకోవాలో దేశమే నిర్ణయించుకుంటుంది. పనికి ప్రోత్సాహం, వాడుకలో స్వేచ్ఛ రెండూ ఉన్న ఈ ఆలోచన చాలామందికి నచ్చింది.

2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ప్రభుత్వాలు ఇచ్చిన లెక్కలను స్వతంత్ర గృహ సర్వేలతో పోల్చింది. ప్రభుత్వ నివేదికల ప్రకారం ఈ పథకం కింద డబ్బు పొందిన దేశాలలో అదనంగా టీకా పొందిన పిల్లలు సుమారు 1 కోటి 39 లక్షలు. సర్వేల ఆధారంగా అంచనా వేస్తే సుమారు 74 లక్షలు. చెల్లించిన సొమ్ము సుమారు 29 కోట్ల డాలర్లు. సర్వే అంచనా ప్రకారం అయితే చెల్లించవలసింది సుమారు 15 కోట్ల డాలర్లు.

దీనిని బట్టి ఆ దేశాల ఆరోగ్య కార్యకర్తలంతా అబద్ధాలు రాశారనుకోవడం పొరపాటు. అంకె పెరగడానికి చాలా దారులుంటాయి. ఒకే బిడ్డ రెండు కేంద్రాల రిజిస్టర్లలో నమోదు కావచ్చు. వాడిన సీసాల సంఖ్య నుంచి పిల్లల సంఖ్యను లెక్కగట్టి ఉండవచ్చు. రెండో డోసు మూడో డోసు గడిలో పడవచ్చు. జిల్లా అధికారి చేతికి రాని నివేదికల స్థానంలో ఊహించిన అంకె చేర్చవచ్చు. వీటిలో ప్రతి పొరపాటూ రెండు వైపులా జరగవచ్చు. కానీ అంకె పెరిగితే డబ్బు వస్తుందన్నప్పుడు, తగ్గించే పొరపాటును వెతికి సరిదిద్దుతారు. పెంచే పొరపాటును వెతికే తొందర ఎవరికీ ఉండదు. వక్రత ఇలాగే పుడుతుంది. గావి తర్వాతి సంవత్సరాలలో ఈ చెల్లింపుల విధానాన్ని మార్చుకుంది.

దీని అర్థం పనితీరుకు ప్రతిఫలం ఇవ్వకూడదని కాదు. ఏ అంకె మీద డబ్బు ఆధారపడి ఉందో, ఆ అంకెను డబ్బు అందుకునేవారు కాకుండా వేరొకరు సరిచూడాలి అన్నది ఇక్కడి పాఠం.

1.6 అంకెను సరిచూసే పద్ధతులు

(అ) తిరిగి లెక్కించడం: నివేదికలోని అంకెను రిజిస్టరులోని నమోదులతో పోల్చే పద్ధతి ఇది. రిజిస్టరులో దొరికిన సంఖ్యను నివేదికలోని సంఖ్యతో భాగిస్తే 'నిర్ధారణ నిష్పత్తి' వస్తుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక కేంద్రం మూడు నెలలలో 120 ప్రసవాలు జరిగినట్టు నివేదించింది. రిజిస్టరు తెరిచి లెక్కిస్తే 105 మాత్రమే ఉన్నాయి.

నిర్ధారణ నిష్పత్తి = 105 ÷ 120 = 0.875

(ఆ) ఇంటి వరకు వెళ్లడం: రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఉన్నట్టు కాదు. అందుకే రిజిస్టరు నుంచి యాదృచ్ఛికంగా కొన్ని పేర్లు తీసి, గ్రామానికి వెళ్లి విచారిస్తారు. పై కేంద్రంలో 20 పేర్లు తీశారనుకుందాం. వారిలో 17 మంది దొరికి, తాము ఆ కేంద్రంలోనే ప్రసవించామని చెప్పారు. నిష్పత్తి 17 ÷ 20 = 0.85.

రెండింటినీ కలిపితే: 120 × 0.875 × 0.85 = 89.25

అంటే నివేదికలోని 120లో సుమారు 89 ప్రసవాలకు మాత్రమే మనకు ఆధారం ఉంది. మిగతా 31 అబద్ధమని తేలిందా? లేదు. దొరకని ముగ్గురు స్త్రీలు వలస వెళ్లి ఉండవచ్చు. కాన్పు గురించి కొత్తవారికి చెప్పడం ఇష్టం లేక కాదని ఉండవచ్చు. పైగా 20 పేర్లు చిన్న నమూనా. కాబట్టి పర్యవేక్షకుడు 'మోసం' అని రాయడానికి ముందు కారణాన్ని విచారించాలి. ఈ రకం ఇంటింటి విచారణలో స్త్రీలతో మాట్లాడగలిగేది సాధారణంగా స్త్రీ సర్వేయర్లే అన్నది కూడా గుర్తుంచుకోండి.

(ఇ) చిన్న నమూనాతో నిర్ణయం: పెద్ద సర్వేకు డబ్బు, సమయం, భద్రత లేని చోట 'లాట్ క్వాలిటీ అస్యూరెన్స్' అనే పద్ధతి ఉపయోగపడుతుంది. ఇది ఫ్యాక్టరీలలో సరుకు నాణ్యతను పరీక్షించడానికి పుట్టిన పద్ధతి. ప్రతి వస్తువునూ పరీక్షించకుండా, ఒక్కో రాశి నుంచి కొన్ని తీసి చూసి ఆ రాశిని ఆమోదిస్తారు లేదా తిరస్కరిస్తారు. ఆరోగ్య రంగంలో ఒక్కో పర్యవేక్షణ ప్రాంతం నుంచి సాధారణంగా 19 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. లక్ష్యం 80 శాతం అయితే, 19 మందిలో కనీసం 13 మందికి సేవ అందిందా అని చూస్తారు. 13 గాని అంతకు మించి గాని ఉంటే ఆ ప్రాంతం లక్ష్యాన్ని చేరిందని భావిస్తారు. తక్కువైతే అక్కడ ముందుగా దృష్టి పెట్టాలని నిర్ణయిస్తారు.

19లో 13 అంటే 68 శాతమే కదా, 80 శాతం ఎలా అయిందని మీకు సందేహం రావచ్చు. చిన్న నమూనాలో అదృష్టం వల్ల హెచ్చుతగ్గులు ఎక్కువ. నిజంగా 80 శాతం మందికి సేవ అందిన ప్రాంతంలో కూడా 19 మందిలో 13 లేదా 14 మందే తగలవచ్చు. అటువంటి ప్రాంతాన్ని పొరపాటున తిరస్కరించే అవకాశం 10 శాతం కంటే తక్కువ ఉండేలా ఆ సంఖ్యను నిర్ణయించారు. ఈ పద్ధతి ఒక్కో ప్రాంతపు శాతాన్ని కచ్చితంగా చెప్పదు. ఏ ప్రాంతానికి ముందు వెళ్లాలో చెబుతుంది. పర్యవేక్షకుడికి చాలాసార్లు కావలసింది అదే.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2

3. స్కోర్‌కార్డులో ఆకుపచ్చ రంగు ఏమి సూచిస్తుంది?
4. ఒక కేంద్రం 200 టీకాలు వేసినట్టు నివేదించింది. రిజిస్టరులో 150 ఉన్నాయి. నిర్ధారణ నిష్పత్తి ఎంత?

1.7 లెక్కలోకి రానివారు

ఇప్పుడు మూడో ప్రశ్న. అఫ్గానిస్తాన్‌లో ప్రసూతి మరణాల అంచనాలను చూడండి. ప్రతి లక్ష సజీవ జననాలకు మరణించిన తల్లుల సంఖ్య ఇలా ప్రకటితమైంది:

• 2002 అధ్యయనం: 1,600
• 2010 మరణాల సర్వే: 327
• 2015 జనాభా, ఆరోగ్య సర్వే: 1,291

ఈ మూడు అంకెలను గీతతో కలిపితే, ఎనిమిదేళ్లలో అద్భుతం జరిగి, తర్వాతి అయిదేళ్లలో అంతా కుప్పకూలినట్టు కనిపిస్తుంది. ఆ గీత గీయకూడదు. 2002 అధ్యయనం నాలుగు జిల్లాలలో జరిగింది. కాబూల్‌లో రేటు సుమారు 400 ఉండగా, బదక్షాన్ ప్రావిన్సులోని మారుమూల రాగ్ జిల్లాలో 6,500 వరకు ఉంది. ఇంత తేడా ఉన్న చోట జాతీయ సగటు, ఏ జిల్లాలు నమూనాలో ఉన్నాయన్న దానిపై ఎంతగానో ఆధారపడుతుంది. 2010 సర్వే భద్రత లేనందువల్ల కాందహార్, హెల్మండ్, జాబుల్ ప్రావిన్సుల గ్రామీణ ప్రాంతాలకు వెళ్లలేదు. యుద్ధం తీవ్రంగా ఉన్న గ్రామాలే లెక్కలోకి రాలేదన్నమాట. అదీ కాక, మరణించిన స్త్రీల గురించి ఇంటివారు చెప్పడానికి సంకోచించే సమాజంలో మరణాలు తక్కువగా నమోదు అయ్యే ప్రమాదం ఉంది. 2015 అంకె వాస్తవం కంటే ఎక్కువగా ఉండవచ్చని కొందరు నిపుణులు సందేహించారు. మూడు సర్వేల పద్ధతులు వేరు, చేరిన ప్రాంతాలు వేరు. మిడ్‌వైఫ్‌ల శిక్షణ, ఆసుపత్రి ప్రసవాలు పెరిగిన మాట నిజం. మరణాలు ఎంత తగ్గాయన్నది మాత్రం ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చెప్పలేం.

రెండో ఉదాహరణ. అఫ్గానిస్తాన్ పునర్నిర్మాణ ఖర్చుపై అమెరికా ప్రభుత్వం నియమించిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయాన్ని 'సిగార్' అంటారు. 2015లో అది యూఎస్‌ఎయిడ్ నిధులు పొందిన 641 ఆరోగ్య కేంద్రాల అక్షాంశ రేఖాంశాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూసింది. 510 కేంద్రాల స్థానం సరైనదేనా అన్న సందేహం వ్యక్తం చేసింది. 13 కేంద్రాల స్థానాలు దేశం బయట ఉన్నాయి. ఒకటి ఏకంగా మధ్యధరా సముద్రంలో ఉంది.

ఈ వార్త చదివిన చాలామంది ఆ ఆసుపత్రులే లేవనుకున్నారు. తర్వాత కొన్ని ప్రావిన్సులలో సిగార్ తనిఖీలు జరిపినప్పుడు చాలా కేంద్రాలు ఉన్నాయి, పనిచేస్తున్నాయి. తప్పు వాటి చిరునామాలలో ఉంది. కొన్నింటిలో నీరు, విద్యుత్తు వంటి సౌకర్యాల కొరత కనిపించింది. స్థానిక సిబ్బందికి, గ్రామస్థులకు ఆ కేంద్రం ఎక్కడుందో తెలుసు కాబట్టి నష్టం లేదని ఒక వాదన. కానీ తాను డబ్బు ఇస్తున్న కేంద్రం ఎక్కడుందో దాత కాగితాలలో సరిగా లేకపోతే, స్వతంత్ర తనిఖీ బృందం ఎక్కడికి వెళ్లాలి? తప్పుడు సమాచారం మోసానికి రుజువు కాదు. మోసాన్ని గాని, నిజాయితీని గాని రుజువు చేసే వీలును అది పోగొడుతుంది.

1.8 2021 తర్వాత

2018 నుంచి అఫ్గానిస్తాన్‌లో 'సెహత్‌మంది' పేరుతో ఈ కాంట్రాక్టు పద్ధతి కొనసాగింది. 2021 ఆగస్టులో తాలిబాన్ తిరిగి అధికారంలోకి రాగానే దాతలు నిధులు నిలిపివేశారు. ఆ సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సెహత్‌మంది కేంద్రాలలో పూర్తిగా పనిచేస్తున్నవి 17 శాతమేనని ప్రకటించింది. కేంద్రాల జాబితా, నివేదికల వ్యవస్థ ముందే ఉంటేనే ఇంత త్వరగా ఇలాంటి లెక్క చెప్పడం సాధ్యం. ఆ తర్వాత నిధులు కొత్త ప్రభుత్వం చేతికి పోకుండా యూఎన్‌డీపీ, యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల ద్వారా స్వచ్ఛంద సంస్థలకు చేరసాగాయి.

ఈ ఏర్పాటులో కేంద్రాలు మళ్లీ తెరుచుకున్నాయి గాని, పర్యవేక్షణకు కొత్త చిక్కులు వచ్చాయి. 2022 డిసెంబరులో స్త్రీలు స్వచ్ఛంద సంస్థలలో పనిచేయకూడదని తాలిబాన్ ప్రభుత్వం ఆదేశించింది. ఆరోగ్య రంగానికి కొంత మినహాయింపు లభించినా, స్త్రీ సర్వేయర్ల పని కష్టమైంది. స్త్రీ సర్వేయరు లేకపోతే రోగులైన స్త్రీల మాట నివేదికలోకి రాదు. 2024 డిసెంబరులో స్త్రీలకు నర్సింగ్, మిడ్‌వైఫరీ శిక్షణను కూడా నిలిపివేశారు. ఈ నిర్ణయం ఫలితం ఈ ఏటి స్కోర్‌కార్డులో కనిపించదు. ఇప్పుడున్న మిడ్‌వైఫ్‌లు విరమించేకొద్దీ కనిపిస్తుంది.

కొలిచే వ్యవస్థ కూడా దాతల మీద ఆధారపడిందేనన్న సంగతి 2025లో బయటపడింది. అనేక దేశాలలో జనాభా, ఆరోగ్య సర్వేలను దశాబ్దాలుగా నడిపిన కార్యక్రమానికి ప్రధాన నిధులు యూఎస్‌ఎయిడ్‌వే. ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఆ నిధులను రద్దు చేసింది. ప్రభుత్వ లెక్కలను సరిచూడటానికి పరిశోధకులు వాడుతున్న ప్రధాన ఆధారాలలో ఒకటి అలా ఆగిపోయింది. సేవ ఆగిపోతే రోగికి తెలుస్తుంది. కొలత ఆగిపోతే, ఎక్కడ సేవ ఆగిపోయిందో మిగతావారికి తెలియదు.

1.9 సారాంశం

దుర్బల రాజ్యంలో దాత దూరంగా ఉంటాడు, ప్రభుత్వం బలహీనంగా ఉంటుంది, పనిచేసే సంస్థే తన పని గురించి తాను నివేదిస్తుంది. అందువల్ల డబ్బు ఇచ్చేవారు, పని చేసేవారు, కొలిచేవారు వేర్వేరుగా ఉండటం మంచి పర్యవేక్షణకు మొదటి షరతు. అఫ్గానిస్తాన్ స్కోర్‌కార్డు ఈ షరతును పాటించి, అదే దేశంలో సాధ్యమైనదాన్ని ప్రమాణంగా పెట్టి, అందరూ చర్చించగల సాధనాన్ని ఇచ్చింది. గావి అనుభవం, డబ్బుతో ముడిపడిన అంకెను సరిచూడకపోతే అది వంగిపోతుందని చూపింది. ప్రసూతి మరణాల అంచనాలు, చేరుకోలేని గ్రామాలను వదిలేసిన అంకె ఎంత తప్పుదారి పట్టించగలదో చూపాయి.

మొదట చెప్పుకున్న కొండ గ్రామపు స్త్రీని మళ్లీ గుర్తుచేసుకోండి. ఆమె కేంద్రానికి చేరితే మన స్కోర్‌కార్డులో కనిపిస్తుంది. దారిలోనే ఆగిపోతే ఏ రిజిస్టరులోనూ కనిపించదు. పర్యవేక్షకుడు ఆమెను కూడా వెతకాలి.

1.10 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు

1. ఆడిట్ డబ్బు నియమాల ప్రకారం ఖర్చయిందా అని చూస్తుంది. పర్యవేక్షణ పని అనుకున్నట్టు జరుగుతోందా అని కార్యక్రమం నడుస్తుండగానే చూస్తుంది.
2. సేవ అందవలసిన మొత్తం జనాభా ఎంతో తెలియకపోవడం. హారం లేనిదే సేవ అందినవారి శాతం లెక్కించలేం.
3. ఆ సూచికలో 2004 నాటి పై అయిదో వంతు ప్రావిన్సుల స్థాయిని అందుకున్నట్టు సూచిస్తుంది. సేవ సంపూర్ణంగా ఉందని కాదు.
4. 150 ÷ 200 = 0.75.

1.11 కీలక పదాలు

దుర్బల రాజ్యం: కనీస సేవలు అందించే శక్తి, అధికారం చాలినంత లేని రాజ్యం.
మూడో పక్షం పర్యవేక్షణ: డబ్బు ఇచ్చేవారు, పని చేసేవారు కాక వేరొకరు చేసే పర్యవేక్షణ.
సూచిక: ఒక పరిస్థితిని కొలిచి చెప్పడానికి ఎంచుకున్న గుర్తు.
నిర్ధారణ నిష్పత్తి: రిజిస్టరులో దొరికిన సంఖ్యకు, నివేదికలోని సంఖ్యకు మధ్య నిష్పత్తి.
యాదృచ్ఛిక నమూనా: ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే సమాన అవకాశం ఉండేలా తీసిన నమూనా.

1.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. అఫ్గానిస్తాన్‌లో అమలైన స్కోర్‌కార్డు పద్ధతిని వివరించి, దాని బలాలను, పరిమితులను చర్చించండి.
2. పనితీరుకు డబ్బును ముడిపెట్టడం వల్ల సమాచార నాణ్యతపై పడే ప్రభావాన్ని గావి అనుభవం ఆధారంగా విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. 2002, 2010, 2015 సంవత్సరాల ప్రసూతి మరణాల అంచనాలను నేరుగా ఎందుకు పోల్చకూడదు?
2. పర్యవేక్షణలో స్త్రీ సర్వేయర్ల అవసరాన్ని వివరించండి.
3. మీ ప్రాంతంలోని ఆరోగ్య ఉపకేంద్రం ఇచ్చే ఏదైనా ఒక అంకెను ఎంచుకుని, దానిని ఈ యూనిట్‌లోని మూడు ప్రశ్నలతో పరిశీలించండి.